కంపెనీలకూ ఉంది ప్రోగ్రెస్ కార్డు!

పిల్లలకు పరీక్షలుంటాయి. ఉద్యోగాలకు ఇంటర్వ్యూలుంటాయి. మరి కోట్ల రూపాయల వ్యాపారం చేసే కంపెనీలకో? వాటికీ ఉన్నాయి. నీళ్లెన్ని వాడారు, పొగ ఎంత వదిలారు, కార్మికులను ఎలా చూసుకున్నారు, పక్క ఊరికి ఏం చేశారు... అంటూ ఏటా వందల ప్రశ్నలతో సర్వేలు వచ్చిపడుతుంటాయి. వాటిలో చాలావాటికి జవాబు చెప్పి తీరాలన్న నిబంధనేమీ లేదు. అయినా కంపెనీలు మనుషులను పెట్టుకుని మరీ ఆ పరీక్షలు రాస్తున్నాయి. ఎందుకలా? మూడు పెద్ద కర్మాగారాలూ వందల కొద్దీ బండల పాలిష్ యూనిట్లూ ఉన్న తాడిపత్రి నుంచి చూస్తే ఆ గుట్టు తేలిగ్గా అర్థమవుతుంది.

తాడిపత్రికి రాయే అన్నం పెడుతుంది. పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయంలోనూ ఊళ్లోని చింతల వెంకటరమణస్వామి ఆలయంలోనూ విజయనగర కాలపు శిల్పులు రాతి మీద చేసిన పని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఇప్పుడు అదే ప్రాంతంలో నాపరాయిని బండలుగా కోసి, నునుపు పట్టి లారీలకెత్తుతున్నారు. ఇంకాస్త అవతల సున్నపురాయి సిమెంటవుతోంది.

వాన మాత్రం ఈ నేలకు కొసరు కొసరుగానే అందుతుంది. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వానలు పడే జిల్లాల్లో ఇదొకటి. వేరుసెనగ చేతికి రాని ఏడాది చాలా కుటుంబాలకు ఫ్యాక్టరీలో పనే దిక్కు. అదే ఫ్యాక్టరీ దుమ్ము పంట మీద పడుతుందేమో, ఉన్న కాస్త నీరూ అది తోడేస్తుందేమో అన్న బెంగా ఆ కుటుంబాలదే. ఆశా భయమూ ఒకే గేటు ముందు నిలబడతాయిక్కడ. అందుకే 'ఈ కంపెనీ మంచిదా, కాదా' అన్న ప్రశ్న తాడిపత్రి వాళ్లకు కాలక్షేపం కబురు కాదు.

ఒకే ఊరు... మూడు రకాల బడులు

భోగసముద్రం దగ్గరున్న సిమెంటు కర్మాగారం ఒకప్పుడు ఎల్అండ్‌టీది. 2004లో ఆ సంస్థ సిమెంటు వ్యాపారం ఆదిత్య బిర్లా గ్రూపు చేతికి వెళ్లడంతో అది అల్ట్రాటెక్ అయింది. స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీ. దేశంలోకెల్లా పెద్ద సిమెంటు సంస్థ. దేశ విదేశాల మదుపుదారుల డబ్బు అందులో ఉంది. కాబట్టి ప్రశ్నలూ దేశ విదేశాల నుంచి వస్తాయి.

తలారిచెరువు దగ్గరున్నది పెన్నా సిమెంటు. తెలుగువాళ్లు పెట్టిన కంపెనీ. చాలాకాలం అది స్టాక్ మార్కెట్ గడప తొక్కలేదు. 2021లో షేర్లు అమ్మడానికి దరఖాస్తు చేసుకుంది కానీ ఆ పని పూర్తికాలేదు. 2024లో అదానీ గ్రూపులోని అంబుజా సిమెంట్స్ దాన్ని కొనేసింది. అంటే నిన్నమొన్నటి దాకా ఇదే తాలూకాలో, ఇదే సున్నపురాయితో, ఇదే సరుకు తయారుచేస్తున్న రెండు కంపెనీల్లో ఒకదానికి స్టాక్ మార్కెట్ ప్రశ్నపత్రాలు వచ్చేవి, రెండోదానికి వచ్చేవి కావు! తేడా సిమెంటులో లేదు. డబ్బు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందన్నదాంట్లో ఉంది.

ఇక ఉక్కు కర్మాగారం. 2007లో బ్రెజిల్ సంస్థ గెర్డావ్ అందులో వాటా కొంది. 2018లో అమ్మేసి వెళ్లిపోయింది. దాని పేరు అర్జాస్ స్టీల్ అయింది. 2024లో పొరుగునున్న బళ్లారి ప్రాంతానికి చెందిన సండూర్ మాంగనీస్ దాన్ని సొంతం చేసుకుంది. వాహనాల విడిభాగాలకు కావలసిన ప్రత్యేకమైన ఉక్కు ఇక్కడ తయారవుతుంది. దీన్ని ప్రశ్నలడిగేది ముఖ్యంగా సరుకు కొనేవాళ్లు.

వీటన్నిటికీ బయట బండల పాలిష్ యూనిట్లు. ఒక్కోదాంట్లో పదిమందో పాతికమందో. రాయి కోసేటప్పుడు లేచే దుమ్మూ, నీటితో కలిసి బయటికొచ్చే బూడిదరంగు బురదా ఊరందరికీ తెలిసినవే. కానీ బాధ్యత గురించి అడిగే సర్వే ఏదీ ఆ రేకుల షెడ్ల తలుపు తట్టదు. బడిలో చేర్చుకోనివాడికి పరీక్షేముంటుంది!

ప్రశ్నలు పంపేదెవరు?

దానధర్మాలు మనకు కొత్తేమీ కాదు. 1990ల రెండో సగంలో సత్యసాయి ట్రస్టు ఇదే అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామాలకు తాగునీటి పథకం కట్టించింది. ఏ సర్వే కోసమూ కట్టించలేదది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్నది మన పెద్దల మాట.

కంపెనీల సంగతి అలా కాదు. ఇచ్చింది చెప్పాలి. ఎలా సంపాదించారో కూడా చెప్పాలి. మనదేశంలో ఈ ఆలోచనకు పాత ఉదాహరణ టాటా స్టీల్. 1979లో జస్టిస్ ఎస్.పి.కొత్వాల్ ఆధ్వర్యంలో కమిటీ వేసి, 'సమాజం పట్ల మా బాధ్యత మేం నెరవేరుస్తున్నామా లేదా చూసి చెప్పండి' అని ఆ సంస్థ తనకు తానే సోషల్ ఆడిట్ చేయించుకుంది.

ప్రపంచవ్యాప్తంగా ఇదో పెద్ద వ్యవహారంగా మారింది మాత్రం పాతికేళ్ల కిందటే. 1999లో డౌజోన్స్ సస్టెయినబిలిటీ సూచీ మొదలైంది. 2000లో లండన్‌లో పుట్టిన సీడీపీ అనే సంస్థ 35 మంది పెద్ద మదుపుదారుల తరఫున ప్రపంచంలోని 500 పెద్ద కంపెనీలకు ఉత్తరాలు రాసింది. 'మీరు గాలిలోకి ఎంత కార్బన్ వదులుతున్నారు?' అన్నది అందులోని సారాంశం. ఇప్పుడు ఏటా 20 వేలకు పైగా కంపెనీలు దానికి లెక్కలు పంపుతున్నాయి. పారిస్‌లో 2007లో మొదలైన ఎకోవాడిస్ అనే మరో సంస్థ సరుకు సరఫరా చేసే కంపెనీలకు బంగారు, వెండి, కంచు పతకాలు ఇస్తుంది.

మనదగ్గర 2012లో సెబీ రంగంలోకి దిగింది. స్టాక్ మార్కెట్లోని మొదటి 100 పెద్ద కంపెనీలు బాధ్యత నివేదిక ఇవ్వాలంది. క్రమంగా ఆ సంఖ్య వెయ్యికి చేరింది. 2022-23 నుంచి ఆ నివేదిక 'బీఆర్ఎస్ఆర్' అనే కొత్త రూపంలో తప్పనిసరైంది. నీళ్లు, కరెంటు, వ్యర్థాలు, జీతాలు, ప్రమాదాలు, ఫిర్యాదులు... అన్నిటికీ అందులో గళ్లుంటాయి. నింపి తీరాలి. 2023-24 నుంచి మొదటి 150 కంపెనీలతో మొదలుపెట్టి, ముఖ్యమైన అంకెలను బయటివాళ్లతో సరిచూపించాలన్న నిబంధన కూడా వచ్చింది.

ఇంకోవైపు 2013 నాటి కంపెనీల చట్టం. అందులోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 500 కోట్ల నికర విలువ గానీ, 1000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ అంతకుముందు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చుపెట్టాలి. దేశం మొత్తమ్మీద ఆ ఖర్చు 2014-15లో పదివేల కోట్లుంటే, 2022-23 నాటికి దాదాపు 30 వేల కోట్లయింది.

ఇక్కడొక చిన్న మెలిక. ఆ చట్టం అడిగేది 2 శాతం ఎలా ఖర్చుపెట్టారని. సర్వేలు అడిగేది మిగతా 98 శాతం ఎలా సంపాదించారని. బడికి బెంచీలు ఇవ్వడం మొదటిది. ఆ బడి పిల్లల ఊపిరితిత్తుల్లోకి దుమ్ము పోకుండా చూడటం రెండోది.

రాయకపోతే ఏం?

ఏమీ కాదు... అనుకుంటాం. కానీ ఈ పరీక్షలకో చిత్రమైన నియమం ఉంది. గైర్హాజరైతే మార్కులు వేయకుండా వదిలేయరు. సీడీపీ అడిగినా జవాబివ్వని కంపెనీ పేరు పక్కన 'ఎఫ్' అని పడుతుంది. డౌజోన్స్ సూచీకి ఆధారమైన మదింపులో కంపెనీ పాల్గొనకపోతే, బయట దొరికే సమాచారాన్ని బట్టే మార్కులు వేసేస్తారు. ఇక చెప్పుకోవడానికి మంచి ఉన్నా లెక్కలోకి రాదు!

ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 1990ల చివర్లో గ్రీన్ రేటింగ్ ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు పట్టుకున్న కిటుకు కూడా ఇదే. అది ప్రభుత్వ సంస్థ కాదు. ఏ కంపెనీనీ బలవంతపెట్టే అధికారం దానికి లేదు. అందుకని, వివరాలు ఇవ్వని కంపెనీకి అట్టడుగు స్థానమే అని ముందే ప్రకటించింది. ఎక్కడ అట్టడుగున పడతామోనని చాలా కంపెనీలు దారికొచ్చాయి. బాగా చేసినవాటికి ఒకటి నుంచి ఐదు దాకా ఆకుపచ్చ ఆకులే ర్యాంకులు. కాగితం, కార్లు, 2005లో సిమెంటు, 2012లో ఉక్కు... ఒక్కో పరిశ్రమనూ అలా జల్లెడ పట్టింది. ఉక్కు పరిశ్రమ మొత్తానికి అత్తెసరు మార్కులే వచ్చిన ఆ ఏడాది మన విశాఖ ఉక్కు కర్మాగారం మూడో స్థానంలో నిలిచింది.

కాబట్టి మొదటి కారణం భయం. మరి మిగతావి?

కొనేవాడి మాట. ఉక్కు కొనే వాహనాల కంపెనీకి దాని కొనుగోలుదారులు ప్రశ్నలు వేస్తారు. ఆ ప్రశ్న అక్కడ ఆగదు. చక్రం తయారీదారుకూ, అక్కడి నుంచి ఉక్కు కర్మాగారానికీ దిగుతుంది. యూరప్ అయితే ఇంకాస్త ముందుకెళ్లింది. సిమెంటు, ఉక్కు వంటివి తమ దేశాల్లోకి రావాలంటే తయారీలో ఎంత కార్బన్ వెలువడిందో చెప్పాలని 2023 అక్టోబరు నుంచి లెక్కలడగడం మొదలుపెట్టింది. 2026 జనవరి నుంచి దానికి డబ్బు కట్టాల్సిన దశ వచ్చింది. లెక్క చెప్పకపోతే వాళ్లే ఓ పెద్ద అంకె వేసుకుంటారు. అంటే మౌనంగా ఉండటానికి కూడా ఖరీదుంది.

అప్పిచ్చేవాడి మాట. కరవు సీమలో నీళ్ల మీద ఆధారపడిన కర్మాగారానికి అప్పిచ్చే బ్యాంకుకైనా, షేరు కొనే మ్యూచువల్ ఫండుకైనా అనుమానాలుంటాయి. రేపు నీళ్లు లేక ఉత్పత్తి ఆగితే? ఊరు ఎదురు తిరిగి గని తవ్వకం నిలిచిపోతే? ఆ అనుమానాలే ప్రశ్నలుగా మారి సర్వేలోకొస్తాయి. మదుపుదారుకి ఊరి మీద ప్రేమ ఉండి అడగడు. తన డబ్బు మీద జాగ్రత్తతో అడుగుతాడు. అడగడమైతే మంచిదే.

అమ్ముకునే రోజు కోసం. తాడిపత్రిలోని మూడు పెద్ద కర్మాగారాలూ చేతులు మారినవే అన్నది గమనించారా? సంబంధం ఖాయం చేసుకునేముందు అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ ఆరా తీసినట్టు, ఫ్యాక్టరీని కొనేవాడు దాని పాత చిట్టాలన్నీ తిరగేస్తాడు. ఎన్ని ప్రమాదాలు జరిగాయి, ఎన్ని నోటీసులొచ్చాయి, నీటి అనుమతులేమిటి, తవ్విన గనిని పూడ్చే బాధ్యత ఎంత మిగిలింది... ఏటా లెక్కలు రాసిపెట్టుకున్న కంపెనీకి ఆరోజు తడుముకునే పని ఉండదు. ధరా తగ్గదు.

ఉద్యోగుల కోసం. క్యాంపస్ ఇంటర్వ్యూలకొచ్చే పిల్లలు ఇప్పుడు జీతంతో పాటు కంపెనీ పేరుప్రతిష్ఠలూ చూస్తున్నారు. 'ఫలానా సూచీలో మేమున్నాం' అన్నమాట బ్రోచరులో బాగా కనిపిస్తుంది.

చివరిది, అందరూ తక్కువ మాట్లాడేది... తమను తాము తెలుసుకోవడం. సిమెంటునే తీసుకుందాం. సున్నపురాయిని కాల్చినప్పుడు రాతిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. సిమెంటు తయారీలో వెలువడేదాంట్లో సగానికి పైగా ఇదే. బొగ్గు మానేసినా ఇది ఆగదు. అందుకే మార్గం కాల్చిన రాయిని తక్కువ వాడి, థర్మల్ కేంద్రాల బూడిదను ఎక్కువ కలపడం. టన్ను సిమెంటుకు ఎంత బూడిద, ఎంత కరెంటు, ఎంత నీరు అని సర్వే అడిగితే గానీ కొన్ని కంపెనీలు తమ ఒక ప్లాంటును మరో ప్లాంటుతో పోల్చి చూసుకోవు. పోల్చి చూశాక, ఎక్కడ డబ్బు వృథా అవుతోందో తెలుస్తుంది. పుణ్యానికి పుణ్యం, పురుషార్థానికి పురుషార్థం!

మార్కులొచ్చాయి... మరి చదువు?

ఇంత బాగుంటే ఇక ఇబ్బందేముంది? ఉంది. తెలుగువాళ్లకు అది ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక్క మాట చాలు... సత్యం.

సత్యం కంప్యూటర్స్‌కు 2008 సెప్టెంబరులో ఉత్తమ కార్పొరేట్ పాలనకుగాను గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. నాలుగు నెలలు తిరగకుండానే, 2009 జనవరి 7న, ఆ సంస్థ ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. ఏళ్ల తరబడి లెక్కలు పెంచి చూపించామని అందులో ఒప్పుకున్నారు. తేడా ఏడు వేల కోట్ల రూపాయలకు పైనే. ఇచ్చిన అవార్డును వెనక్కి తీసుకున్నారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు ఆయన్నీ, మరికొందరినీ దోషులుగా తేల్చింది.

విచిత్రమేమంటే, ఆ కుటుంబం చేసిన మంచి పనులు అబద్ధం కాదు. బైర్రాజు ఫౌండేషన్ గ్రామాల్లో పనిచేసింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ వాళ్ల ఆలోచనే. చేతులు మారి, రాష్ట్రాలు దాటి ఈనాటికీ ప్రాణాలు కాపాడుతోంది. ఒక చేత్తో చేసిన మంచి నిజం. ఇంకో చేత్తో రాసిన లెక్క అబద్ధం. పరీక్ష పెట్టినవాళ్లు కంపెనీ రాసిచ్చిన జవాబులనే దిద్దారు. జవాబుపత్రం వెనక్కి తొంగిచూసినవాళ్లు లేరు. మార్కులు అందంగా వచ్చాయి!

సర్వేల అసలు బలహీనత ఇదే. అడిగేది కంపెనీని, చెప్పేదీ కంపెనీయే. పైగా పెద్ద సంస్థల్లో ఈ జవాబులు రాయడానికి ప్రత్యేకంగా ఓ విభాగముంటుంది. ఏ ప్రశ్నకు ఎలా రాస్తే ఎన్ని మార్కులో వాళ్లకు కొట్టినపిండి. గైడు చదివి పాసైన విద్యార్థికీ, పాఠం చదివి పాసైన విద్యార్థికీ మార్కుల జాబితాలో తేడా కనపడదు కదా. అలాగే ఇదీ. ఆ విభాగం పెట్టుకోలేని చిన్న కంపెనీ, నిజంగా బాగా పనిచేస్తున్నా వెనకబడిపోతుంది.

ఆరు ఇళ్లు... ఒక గడి

2018 జులై 12. తాడిపత్రిలోని అప్పటి గెర్డావ్ ఉక్కు కర్మాగారంలో కార్బన్ మోనాక్సైడ్ లీకైంది. రంగూ వాసనా లేని వాయువది. ఆరుగురు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు.

అలాంటి దుర్ఘటన బాధ్యత నివేదికలో ఎలా కనిపిస్తుంది? ఒక పట్టికలో, ఒక గడిలో, ఒక అంకెగా. ఎన్నో కర్మాగారాలున్న సంస్థ అయితే ఆ అంకె అన్నిటి మొత్తంలో కలిసిపోతుంది. తాడిపత్రి పేరు కూడా ఉండకపోవచ్చు. ఊళ్లో మాత్రం అది ఆరు ఇళ్లు.

అయితే ఆ గడే లేకపోతే? అంకె కూడా మిగలదు. ఇప్పుడు సెబీ నివేదికలో మరణాల సంఖ్య, గాయాల రేటు తప్పక రాయాలి. పర్మనెంటు ఉద్యోగులవే కాదు, కాంట్రాక్టు కార్మికులవి కూడా. కర్మాగారాల్లో ప్రమాదకరమైన పనులు ఎక్కువగా కాంట్రాక్టు కార్మికులే చేసే మనదేశంలో ఇది చిన్న మార్పు కాదు. 'వాళ్లు మా మనుషులు కాదు, కాంట్రాక్టరు మనుషులు' అని తప్పించుకునే దారిని ఆ ఒక్క గడి కొంతైనా మూసింది. ఏడాదికేడాది ఆ అంకెను పోల్చి చూసే మదుపుదారు ఒకడున్నాడన్న ఎరుక ఉంటే, గ్యాసును పసిగట్టే పరికరం కొనడానికి ఫైలు మీద సంతకం త్వరగా పడుతుంది.

నీటి సంగతీ ఇంతే. దేశమంతటా ప్లాంట్లున్న కంపెనీ 'మేం వాడినదానికంటే ఎక్కువ నీటిని భూమికి తిరిగిచ్చాం' అని రాస్తే అది మొత్తం లెక్క. వానలు దండిగా కురిసే చోట కట్టిన చెరువు తాడిపత్రి బోరును నింపదు. నీటి ఎద్దడి ఉన్న ప్రాంతాల్లోని ఒక్కో ప్లాంటు ఎంత నీరు తీసుకుందో విడిగా చెప్పమనే ప్రశ్న సెబీ పత్రంలో లేకపోలేదు. కానీ అది ఇష్టముంటే రాయమనే భాగంలో ఉంది! అనంతపురానికి అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్నకు జవాబు... ఐచ్ఛికం.

పాఠం పక్క ఊళ్లోనే ఉంది

జవాబు రాసినవాళ్లే దిద్దుకోకుండా ఉండాలంటే ఏం చేయాలి? అందుకు ఉదాహరణ వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది ఇదే జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ చట్టంతో పాటే సోషల్ ఆడిట్ వచ్చింది. గ్రామసభలో మస్టరు రోలు బిగ్గరగా చదివేవాళ్లు. 'ఫలానా వ్యక్తి ఇన్ని రోజులు పనిచేశాడు, ఇంత కూలి తీసుకున్నాడు' అని చదవగానే, జనంలోంచి ఆ మనిషే లేచి 'నేనా పనికే పోలేదు' అనేవాడు. కాగితం మీది లెక్క అక్కడికక్కడే తేలిపోయేది. ఆంధ్రప్రదేశ్ సోషల్ ఆడిట్లను మిగతా రాష్ట్రాలు వచ్చి చూసి వెళ్లాయి.

కంపెనీల సర్వేకీ దీనికీ తేడా ఒక్కటే. అక్కడ లెక్క చదివేది ముంబయిలోని మదుపుదారు ముందు. ఇక్కడ చదివింది ఆ లెక్కలో పేరున్న మనిషి ముందు. గ్రీన్ రేటింగ్ ప్రాజెక్టు వాళ్లు కూడా కంపెనీ పంపిన కాగితాలతో సరిపెట్టుకోకుండా, స్వచ్ఛంద తనిఖీదారులను పంపి చుట్టుపక్కల జనంతో మాట్లాడించేవాళ్లు. దానికి విలువ వచ్చింది అందుకే.

సెబీ పత్రంలో మరో గడి ఉంది. చుట్టుపక్కల ప్రజల నుంచి ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎన్ని మిగిలాయి అని. అక్కడ 'సున్నా' అని ఉంటే రెండు అర్థాలు. ఫిర్యాదు చేయాల్సిన అవసరం ఎవరికీ రాలేదని ఒకటి. ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో ఎవరికీ తెలియదని రెండోది. రెండిటిలో ఏది నిజమో చెప్పగలిగేది ఊరు మాత్రమే.

మీరూ చూడొచ్చు... అడగొచ్చు

మీ ఊరి పక్కనున్న కంపెనీ ప్రోగ్రెస్ కార్డు చూడటానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఇంట్లో కంప్యూటరో ఫోనో ఉన్న పిల్లలు సాయం చేస్తే చాలు.

* కంపెనీ స్టాక్ మార్కెట్లో ఉంటే, దాని వార్షిక నివేదికలోనే బీఆర్ఎస్ఆర్ ఉంటుంది. కంపెనీ వెబ్‌సైట్లోనూ స్టాక్ ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలోనూ ఉచితంగా చూడొచ్చు. ముందు ప్రమాదాలు, నీళ్లు, ఫిర్యాదుల గళ్లు చూడండి. ఒక్క ఏడాదివి కాదు, మూడేళ్లవి పక్కపక్కన పెట్టి చూడండి.

* 2 శాతం సొమ్ము ఏ జిల్లాలో ఎంత ఖర్చయిందో కేంద్ర ప్రభుత్వ సీఎస్ఆర్ పోర్టల్లో ఉంటుంది. తాము పనిచేసే ప్రాంతానికి కంపెనీలు ప్రాధాన్యమివ్వాలని చట్టమే చెబుతోంది. ఆ మాట గుర్తుచేయడం తప్పేమీ కాదు.

* పర్యావరణ అనుమతి తీసుకున్న కర్మాగారాలూ గనులూ ఆ షరతులను ఎలా పాటిస్తున్నాయో ఆరునెలలకోసారి నివేదిక ఇవ్వాలి. అడిగి తెప్పించుకోవచ్చు.

* స్టాక్ మార్కెట్లో లేని కంపెనీ అయితే? కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రాలకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు.

* చిన్న యూనిట్లకు సర్వేలు రావు. వాటి గురించి పట్టించుకోవాల్సింది కాలుష్య నియంత్రణ మండలి, మున్సిపాలిటీ, పంచాయతీలే. కాబట్టి అడగాల్సిందీ వాళ్లనే.

ప్రశ్నపత్రం ఎవరు తయారుచేయాలి?

కంపెనీలు సర్వేల్లో పాల్గొనేది మంచితనంతోనా, అవసరంతోనా అని వాదించుకుంటే తెల్లవార్లూ వాదించుకోవచ్చు. నిజానికి రెండూ ఉంటాయి. అవసరమే ఎక్కువ ఉంటుంది. మార్కుల కోసమే చదివినా పిల్లాడికి ఎంతోకొంత చదువు అబ్బుతుంది. ర్యాంకు కోసమే దుమ్ము తగ్గించినా ఊరు పీల్చే గాలి బాగుపడుతుంది. కాకపోతే ప్రశ్నపత్రంలో లేని పాఠాన్ని ఎవరూ చదవరు. లండన్‌లోనో ముంబయిలోనో తయారైన ప్రశ్నపత్రానికి తాడిపత్రి బోరు లోతు తెలియదు.

ఊరు తన ప్రశ్న తానే వేయడానికి చట్టం ఇచ్చిన చోటు ఒకటుంది. పెద్ద కర్మాగారం పెట్టాలన్నా, విస్తరించాలన్నా, గని తవ్వాలన్నా చాలా సందర్భాల్లో 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. నెల రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. కలెక్టరు గానీ, ఆయన తరఫున మరో అధికారి గానీ కూర్చోవాలి. అక్కడ మాట్లాడిన ప్రతి మాటా వీడియోలోకీ, మినిట్స్‌లోకీ ఎక్కుతుంది. చాలాచోట్ల ఆ సభలో రెండే మాటలు వినిపిస్తుంటాయి... 'ఉద్యోగాలివ్వండి', లేదంటే 'మాకొద్దు'. మూడో మాట కూడా ఉంది. 'ఈ ప్లాంటు ఒక్కటే, ఈ మండలంలో, నెలకెన్ని నీళ్లు వాడుతుంది? ఆ లెక్క ప్రతి ఏడాదీ మా పంచాయతీ గోడ మీద రాస్తారా?' అని అడగడం.

ఆ ప్రశ్న మినిట్స్‌లోకి ఎక్కితే కంపెనీ దానికి జవాబు రాయక తప్పదు. ఆ జవాబు ఐచ్ఛికం కాదు.